గుద్దితే కిందికి దిగేదెవరు?

కూతురి పురుటికని మా పిన్ని అమెరికా వెళ్లి, అరిజోనాలోని చాండ్లర్‌లో ఆరు నెలలు ఉండి వచ్చింది. అక్కడి నుంచి ఒకరోజు బాబాయికి ఒక వీడియో పంపింది. కారు వెళ్తోంది. డ్రైవర్ సీటు ఖాళీ. స్టీరింగ్ దానంతటదే తిరుగుతోంది, మలుపు రాగానే ఇండికేటర్ దానంతటదే వెలుగుతోంది. వెనక సీట్లోంచి పిన్ని గొంతు: "చూశారా, మనిషే లేడు!"

బాబాయిది కోదాడ. ముప్పై ఏళ్లు విజయవాడ-హైదరాబాద్ రూట్లో లారీ నడిపాడు. వీడియో రెండుసార్లు చూశాడు. అదెలా నడుస్తుంది, కెమెరాలెన్ని, ఖరీదెంత అని ఏదీ అడగలేదు. "ఎవరినైనా గుద్దితే కిందికి దిగేదెవర్రా?" అన్నాడు నాతో.

ఆయన ఎందుకలా అడిగాడో మా ఇంట్లో అందరికీ తెలుసు. చాలా ఏళ్ల కిందట చిట్యాల దగ్గర చీకట్లో ఒక సైకిలాయన అడ్డం వచ్చి బాబాయి లారీ కింద పడ్డాడు. కాలు విరిగింది. క్లీనర్ "పోదాం పద" అన్నా వినకుండా బాబాయి దిగి, అతన్ని ఎత్తి క్యాబిన్‌లో పడుకోబెట్టి నల్గొండ ఆస్పత్రికి తీసుకెళ్లాడు. అక్కడి నుంచి నేరుగా పోలీస్ స్టేషన్‌కి వెళ్లాడు. డ్రైవర్ అంటే ఆయన లెక్కలో బండి నడిపేవాడు మాత్రమే కాదు, ఏదైనా అయితే కిందికి దిగేవాడు కూడా.

డ్రైవర్ లేని కార్ల మీద జనం ఏమనుకుంటున్నారో చెప్పే సర్వేలు బోలెడున్నాయి. వాటిని చదివినప్పుడల్లా నాకు బాబాయి ప్రశ్నే గుర్తొస్తుంది. సర్వేలు ఒక మాట అడుగుతాయి, జనం మనసులో ఇంకో మాట ఉంటుంది. ఆ రెండిటి మధ్య ఉన్న చిక్కుముడి విప్పకపోతే, పదిహేనేళ్లకు పైగా ఇంత డబ్బు, ఇంత తెలివి పోసిన టెక్నాలజీ మీద జనానికి ఇంకా ఇంత అనుమానం ఎందుకో అర్థం కాదు.

ముందు ఆ అంకెలు చూద్దాం. అమెరికాలో ఏఏఏ అనే వాహనదారుల సంఘం ఏటా ఈ విషయం మీద సర్వే చేస్తుంది. తనంతట తాను నడిచే కారంటే భయమన్నవాళ్లు 2022లో 55 శాతం. 2023లో అది 68కి ఎగబాకింది. 2024లో 66, 2025లో 61. అదే 2025లో నమ్మకముందన్నవాళ్లు 13 శాతం. ప్యూ రీసెర్చ్ సెంటర్ 2022లో వెలువరించిన సర్వేలో, ఈ కార్లు అంతటా వస్తే సమాజానికి చెడు అన్నవాళ్లు 44 శాతం, మంచిదన్నవాళ్లు 26 శాతం, ఏమీ చెప్పలేమన్నవాళ్లు దాదాపు ముప్పై శాతం. అలాంటి కారు ఎక్కబోమని 63 శాతం చెప్పారు.

ఈ అంకెలు చదివేటప్పుడు ఒక సంగతి మరిచిపోకూడదు. జవాబిచ్చినవాళ్లలో చాలామంది ఆ కారు ఎప్పుడూ ఎక్కలేదు. ఆ సర్వేలనాటికి అది తిరిగే ఊళ్లు అమెరికాలోనూ వేళ్ల మీద లెక్కపెట్టేన్నే. ఎక్కినవాళ్ల అనుభవం వేరుగా ఉంటుంది. పిన్ని మొదటి రోజు సీట్ బెల్టును రెండు చేతులతో పట్టుకుని కూర్చుందట. రెండోసారి కిటికీలోంచి బయటికి చూసింది. మూడోసారి ఫోన్లో మాట్లాడుకుంటూ వెళ్లింది. ఎక్కేవాళ్ల భయం ఇంత త్వరగా కరిగిపోతుంది. ఢిల్లీ మెట్రో మెజెంటా లైన్లో 2020 డిసెంబర్ చివర్లో డ్రైవర్ లేని రైళ్లు మొదలయ్యాయి, జనం మామూలుగానే ఎక్కి దిగుతున్నారు.

పిన్నికి ఆ కారు నచ్చడానికి ఇంకో కారణముంది. పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లిన మన పెద్దవాళ్లలో చాలామంది డ్రైవింగ్ రాక ఇంట్లోనే ఉండిపోతారు. పక్క వీధికి వెళ్లాలన్నా కొడుకో కోడలో ఆఫీసు నుంచి రావాలి. క్యాబ్ బుక్ చేసి పంపుదామంటే, డ్రైవర్ ఏదైనా అడిగితే ఇంగ్లీషులో ఏం చెప్పాలోనని టెన్షన్. ఈ కారు ఏమీ అడగదు. కూతురు ఫోన్లోంచి బుక్ చేస్తే వచ్చి ఇంటి ముందు ఆగుతుంది, చెప్పిన చోట దింపుతుంది. ఆరు నెలల్లో తనకు దొరికిన స్వేచ్ఛ అదొక్కటే అంది పిన్ని. చూపు లేనివాళ్లు, రాత్రిపూట ఒంటరిగా వెళ్లే ఆడవాళ్లు కూడా ఈ కార్లను బలంగా కోరుకోవడానికి కారణం ఇలాంటిదే. ఆ కోరికను నేను తేలిగ్గా తీసుకోలేను.

అయితే రోడ్డు మీద ఉండేది కారులో కూర్చున్నవాళ్లు మాత్రమే కాదు. పక్కన నడిచేవాళ్లు, సైకిళ్లవాళ్లు, వెనక వచ్చే అంబులెన్స్ అందరూ ఉంటారు. వాళ్లు టికెట్ కొనలేదు, ఒప్పుకోనూ లేదు. చాన్సీ స్టార్ అనే అమెరికన్ ఇంజినీర్ 1969లోనే ఈ తేడాను లెక్కగట్టాడు. మనంతట మనం తలకెత్తుకున్న ప్రమాదాన్ని, ఎవరో మన నెత్తిన పెట్టిన ప్రమాదంతో పోలిస్తే సుమారు వెయ్యి రెట్లు ఎక్కువగా భరిస్తామని ఆయన అంచనా. హెల్మెట్ లేకుండా బండి మీద పోయే మనిషే, ఇంటి పక్కన సెల్ టవర్ కడతామంటే ధర్నాకు దిగుతాడు. అందులో తప్పేమీ లేదు. మొదటిది ఆయన నిర్ణయం. రెండోది ఆయన్ని అడగకుండా తీసుకున్నది.

ఆ పిన్ని ఉన్న చాండ్లర్‌లోనే, గూగుల్ నుంచి పుట్టిన వేమో కంపెనీ వ్యాన్లు తిరగడం మొదలైన కొత్తలో జనం వాటి మీద రాళ్లు వేశారు, టైర్లు కోశారు. రెండేళ్లలో కనీసం 21 సంఘటనలు జరిగాయని 2018 చివర్లో అక్కడి పత్రిక రాసింది. ఆ కోపం మధ్యలోనే పక్క ఊరు టెంపీలో ఆ ఏడాది జరిగిన ఘోరాన్ని కొంచెం దగ్గర నుంచి చూడాలి. ఈ కథ మొత్తానికి కీలు అక్కడుంది.

2018 మార్చి 18, రాత్రి పది కావస్తోంది. 49 ఏళ్ల ఒక మహిళ సైకిల్ నెట్టుకుంటూ, క్రాసింగ్ లేని చోట పెద్ద రోడ్డు దాటుతోంది. ఊబర్ పరీక్షిస్తున్న వోల్వో కారు గంటకు 60 కిలోమీటర్లకు పైగా వేగంతో వస్తోంది. ఢీకొట్టడానికి 5.6 సెకన్ల ముందే దాని రాడార్ ఆమెను పసిగట్టింది. 5.6 సెకన్లంటే చాలా సమయం, లారీని కూడా ఆపొచ్చు. కానీ ఎదురుగా ఉన్నదేమిటో కంప్యూటర్‌కి తేలలేదు. ఒకసారి వాహనమనుకుంది, ఒకసారి ఇంకేదో అనుకుంది, ఒకసారి సైకిల్ అనుకుంది. అనుకున్నది మారిన ప్రతిసారీ అది ఎటు కదులుతోందన్న లెక్క మళ్లీ మొదటికొచ్చింది. క్రాసింగ్ లేని చోట మనిషి రోడ్డు దాటతాడన్న ఊహే ఆ ప్రోగ్రాంలో లేదు. వోల్వో కంపెనీ పెట్టిన ఎమర్జెన్సీ బ్రేక్ ఆ కారులో ఉంది. కానీ కంప్యూటర్ నడుపుతున్నంతసేపూ అది పనిచేయకుండా ఆపేసి ఉంచారు. డ్రైవర్ సీట్లో కనిపెట్టుకుని ఉండాల్సిన ఉద్యోగి ఫోన్లో టీవీ షో చూస్తోంది. ఇవన్నీ అమెరికా రవాణా భద్రతా బోర్డు దర్యాప్తులో తేలిన విషయాలు.

ఆ సైకిల్ మహిళ చనిపోయింది. ఇప్పుడు బాబాయి ప్రశ్న వేసుకుందాం, దిగిందెవరు? కంపెనీ మీద క్రిమినల్ కేసు పెట్టే ఆధారం లేదని 2019లో ప్రాసిక్యూటర్ తేల్చారు. సీట్లో కూర్చున్న ఉద్యోగి మీద కేసు నడిచింది. 2023లో ఆమె తప్పు ఒప్పుకుంది, జైలుకు బదులు అధికారుల నిఘాలో ఉండే మూడేళ్ల ప్రొబేషన్ పడింది. ఫోన్ చూసిన తప్పు ఆమెదే, సందేహం లేదు. కానీ బ్రేక్ ఆపేసిందీ, మనిషి అడ్డంగా రోడ్డు దాటతాడని ప్రోగ్రాంలో రాయనిదీ ఆమె కాదు.

ఈ ప్రమాదానికి ముందు ఏఏఏ సర్వేలో భయపడుతున్నామన్నవాళ్లు 63 శాతం. తర్వాత కొన్ని వారాలకే 73 శాతం. వార్తలు చూసి జనం బెదిరిపోయారని అప్పట్లో చాలామంది రాశారు. నాకైతే జనం బెదిరిపోయినట్టు అనిపించదు. ఒక ప్రాణం పోయాక బరువు ఎవరి మీద పడిందో వాళ్లు చూశారు.

ఇక శాన్‌ఫ్రాన్సిస్కో. ఇది ఇంకా ముఖ్యం, ఎందుకంటే ఇక్కడ సీట్లో మనిషి కూడా లేడు. 2023 ఆగస్టులో కాలిఫోర్నియా నియంత్రణ సంస్థ వేమో, క్రూజ్ అనే రెండు కంపెనీలకు నగరమంతా రోజంతా డబ్బులు తీసుకుని టాక్సీలు నడుపుకోమని 3-1 ఓట్లతో అనుమతి ఇచ్చింది. నగర అగ్నిమాపక శాఖ అప్పటికే మొత్తుకుంటోంది, ఈ కార్లు ఫైరింజన్లకు అడ్డొస్తున్నాయని, ఆ ఏడాది అప్పటికి 55 సంఘటనలు రాసిపెట్టుకున్నామని. ఆ వేసవిలోనే కొందరు యువకులు ఒక చిట్కా కనిపెట్టారు. రోడ్డు పనుల దగ్గర పెట్టే నారింజ రంగు ప్లాస్టిక్ కోన్ ఒకటి తెచ్చి, ఆగి ఉన్న కారు బానెట్ మీద పెడితే చాలు, అది కదలదు. ఖరీదైన సెన్సార్లున్న కారు, మనిషెవరైనా వచ్చి ఆ కోన్ తీసేదాకా అక్కడే నిలబడిపోతుంది. రెండేళ్ల పిల్లాడైనా చేత్తో తోసేసే వస్తువది. మా వీధుల్లో ప్రయోగాలు చేస్తూ మమ్మల్నెవరూ అడగలేదన్నది వాళ్ల ఫిర్యాదు.

ఆ అక్టోబర్ 2 రాత్రి, మనిషి నడుపుతున్న ఒక కారు ఒక మహిళను గుద్దింది. ఆమె ఎగిరి పక్క లైన్లో ఉన్న క్రూజ్ కంపెనీ డ్రైవర్ లేని కారు ముందు పడింది. అది బ్రేక్ వేసింది, అయినా తగిలింది, ఆగింది. ఇక్కడిదాకా జరిగినదానికి దాన్ని పెద్దగా తప్పుపట్టలేం. ఆ తర్వాత, ప్రమాదం జరిగితే పక్కకు తీసి ఆపాలన్న నియమం ప్రకారం, కారు పక్కకు కదిలింది. ఆమె ఇంకా కిందే ఉంది. సుమారు ఇరవై అడుగులు ఈడ్చుకెళ్లింది.

మొన్ననే లైసెన్స్ తీసుకున్న కుర్రాడు కూడా ఆ ఇరవై అడుగులు వెళ్లడు. కింద మనిషి ఉందని వాడికి తెలుస్తుంది, లేదా కనీసం దిగి చూస్తాడు. మనుషుల తప్పులు మనకు పరిచయం. తాగి నడిపారు, కునుకు పట్టింది, ఫోన్ చూశారు, తొందరపడ్డారు. మనమూ అలాంటివి చేసినవాళ్లమే, కాబట్టి ముందే పసిగట్టి తప్పుకుంటాం. యంత్రం చేసే తప్పుకు మన దగ్గర పోలిక లేదు. పైగా ఒక డ్రైవర్ కునుకు తీస్తే ఒక్క లారీకే ప్రమాదం. ప్రోగ్రాంలో లోపముంటే అదే ప్రోగ్రాంతో నడిచే ప్రతి కారులోనూ ఉన్నట్టే.

క్రూజ్‌ని నిజంగా ముంచింది మాత్రం ఆ తర్వాతి సంగతి. ఈడ్చుకెళ్లిన భాగాన్ని కంపెనీ తమకు సరిగ్గా చూపించలేదని కాలిఫోర్నియా రవాణా శాఖ చెప్పింది. అక్టోబర్ 24న అనుమతి ఆపేసింది. నవంబర్‌లో కంపెనీ అధిపతి రాజీనామా చేశాడు. 2024 డిసెంబర్‌లో, దాని వెనకున్న జనరల్ మోటార్స్ రోబోటాక్సీల వ్యాపారానికే ఇక డబ్బు పెట్టేది లేదని ప్రకటించింది. అదే వీధుల్లో తిరిగే వేమో నిలబడింది, పెరిగింది. రెండూ దాదాపు ఒకేలాంటి కార్లు, ఒకే ఊరి రోడ్లు. ఒక కంపెనీ నిజం దాచిందన్న అనుమానమే జనం నమ్మకాన్ని ఎంత మార్చేసిందో దీన్ని చూస్తే తెలుస్తుంది.

ఇప్పుడు రెండో పక్క కూడా చెప్పాలి. లెక్కల్లో ఈ కార్లు చెడ్డవి కావు. స్విస్ రీ అనే బీమా సంస్థ వేమోతో కలిసి 2024లో ఒక అధ్యయనం వెలువరించింది. దాదాపు 4 కోట్ల కిలోమీటర్ల ప్రయాణాన్ని పరిశీలిస్తే, మనుషులు నడిపే వాహనాలతో పోల్చినప్పుడు గాయాలకు సంబంధించిన క్లెయిములు 92 శాతం, ఆస్తి నష్టం క్లెయిములు 88 శాతం తక్కువ. కంపెనీ పాత్ర ఉన్న అధ్యయనం కాబట్టి కొంచెం ఆచితూచి చదవాలి, కానీ కొట్టిపారేయలేం. ర్యాండ్ అనే అమెరికన్ పరిశోధనా సంస్థ 2017లో ఇంకో లెక్క వేసింది. యంత్రాలు పరిపూర్ణమయ్యేదాకా ఆగకుండా, మనుషుల కంటే పది శాతం మెరుగైనప్పుడే రోడ్డు మీదికి రానిస్తే, దీర్ఘకాలంలో ఎక్కువ ప్రాణాలు దక్కుతాయని.

మన దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. రోజుకు 460 మందికి పైగా. వాళ్లలో దాదాపు సగం మంది టూవీలర్ల మీద వెళ్లేవాళ్లే. ఈ అంకె తెలిసిన ఎవరూ యంత్రం వద్దు అని ఒక్క మాటలో తేల్చేయలేరు, నేనూ తేల్చను.

కానీ సగటు మనిషి ఈ లెక్కకు ఎందుకు లొంగడు? పది శాతం మెరుగంటే ఎవరి కంటే మెరుగు? ఆ సగటులో తాగి నడిపేవాళ్లు, లైసెన్స్ లేనివాళ్లు కూడా ఉన్నారు. ముప్పై ఏళ్లు ఒకరి ప్రాణం తీయకుండా లారీ నడిపిన బాబాయికి తాగుబోతు కంటే పది శాతం మేలన్న హామీ ఏం సరిపోతుంది? చైనాలో జరిగిన ఒక అధ్యయనంలో, ఇలాంటి కార్లు మనుషుల కంటే నాలుగైదు రెట్లు భద్రంగా ఉంటేనే ఒప్పుకుంటామన్న ధోరణి కనిపించింది. దీన్ని జనం మూర్ఖత్వమని ఇంజినీర్లు విసుక్కుంటారు. నా ఉద్దేశంలో అది బేరం. అడిగేందుకు ఎదురుగా మనిషి లేనప్పుడు జనం ఎక్కువ హామీ కోరతారు. బ్రిటన్ 2024లో చేసిన చట్టం ఈ సంగతిని కొంత గ్రహించింది. ఈ వాహనాలు జాగ్రత్తగా, సమర్థంగా నడిపే మనిషి స్థాయిని అందుకోవాలని అందులో రాసుకున్నారు.

బ్రేక్ ఫెయిలైన కారు ముసలాయన్ని గుద్దాలా, పిల్లాణ్ణి గుద్దాలా అనే ప్రశ్న మీద కూడా చాలా చర్చ నడిచింది. ఎంఐటీ పరిశోధకులు ఇంటర్నెట్లో పెట్టిన అలాంటి ప్రశ్నలకు 233 దేశాలు, ప్రాంతాల నుంచి 4 కోట్ల జవాబులొచ్చాయి. 2018లో ఫలితాలు అచ్చయ్యాయి. ఆసక్తికరమే గానీ, ఈ చర్చ అసలు విషయం నుంచి మన దృష్టి మళ్లించిందని నా అభిప్రాయం. టెంపీలో కారు ఎవరినీ ఎంచుకోలేదు. ఎదుట ఉన్నది మనిషని దానికి తెలియలేదు, అంతే.

పేర్లు చేసిన చేటు అంతకంటే పెద్దది. టెస్లా తన కార్లలోని సాయాన్ని ఆటోపైలట్ అని, ఫుల్ సెల్ఫ్ డ్రైవింగ్ అని అమ్మింది. డ్రైవర్ రోడ్డు మీద కన్నేసి ఉంచాల్సిన వ్యవస్థలే అవి. 2022లో అమెరికాలో బీమా సంస్థల భద్రతా సంఘం అడిగితే, ఆటోపైలట్ వాడేవాళ్లలో 42 శాతం దాన్ని పూర్తిగా సొంతంగా నడిచే కారులా వాడటానికి వెనకాడమన్నారు. మన దగ్గర కూడా ఏడాస్, అంటే డ్రైవర్‌కు సాయపడే ఏర్పాట్లు, ఉన్న కారు కొని, హైవే మీద స్టీరింగ్ వదిలేసి రీల్స్ తీసేవాళ్లను చూస్తున్నాం. మనిషి కనిపెట్టుకుని ఉండాల్సిన చోట మనిషి అక్కర్లేదనుకోవడం ప్రాణం మీదికి తెచ్చేదే.

ఇక బతుకుతెరువు. చైనాలోని వుహాన్‌లో 2024 వేసవిలో బైడు కంపెనీ డ్రైవర్ లేని టాక్సీలు కొన్ని వందలు తిరుగుతున్నాయి. మామూలు టాక్సీ 18 నుంచి 30 యువాన్లు తీసుకునే దూరానికి, రాయితీలతో ఇవి 4 నుంచి 16 యువాన్లే తీసుకున్నాయి. అక్కడి టాక్సీ కంపెనీ ఒకటి ప్రభుత్వానికి అర్జీ పెట్టుకుంది. మన కేంద్ర రవాణా మంత్రి నితిన్ గడ్కరీ 2017లోనూ 2023లోనూ ఒకటే మాట చెప్పారు, డ్రైవర్ల ఉద్యోగాలు పోతాయి కాబట్టి ఈ కార్లను రానివ్వబోమని. ఆ మాటకు నేను సంతోషించాను. కానీ నిద్ర లేకుండా రాత్రంతా నడిపే లారీ డ్రైవర్‌కు విశ్రాంతి, వేళకు జీతం ఇప్పించే పని దాంతోపాటే జరగాలి. ఉద్యోగం ఉంచి మనిషిని అరగదీస్తే ఆయనకు ఒరిగేదేమిటి? బాబాయి నడుముకు ఇప్పటికీ బెల్టు పెట్టుకుని కూర్చుంటాడు.

ఈ యంత్రాల కథలో మనవాళ్ల చెయ్యీ ఉంది. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి 1979లో అమెరికాలోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో రోబోటిక్స్ ఇన్‌స్టిట్యూట్‌కు తొలి డైరెక్టర్. ఆ ఇన్‌స్టిట్యూట్ వాళ్లే 1995లో ఒక వ్యాన్‌ను పిట్స్‌బర్గ్ నుంచి దేశం అవతలి కొసనున్న శాన్‌డియెగోకు తీసుకెళ్లారు. దాదాపు నాలుగున్నర వేల కిలోమీటర్లలో 98 శాతం స్టీరింగ్ తిప్పింది కంప్యూటరే, బ్రేకూ యాక్సిలరేటరూ మనుషుల కాళ్ల కింద ఉన్నాయి. ఇవాళ సంగారెడ్డి దగ్గర కంది క్యాంపస్‌లో ఐఐటీ హైదరాబాద్ వాళ్లకు 130 కోట్ల ఖర్చుతో 2022లో మొదలైన, డ్రైవర్ లేని వాహనాలను పరీక్షించే కేంద్రముంది. క్యాంపస్ లోపల డ్రైవర్ లేని చిన్న బస్సులూ తిరుగుతున్నాయి.

క్యాంపస్ గేటు దాటి బయటికొస్తే అసలు పరీక్ష. మా అమ్మ కూకట్‌పల్లిలో రోడ్డు దాటేటప్పుడు చూడాలి. కుడి చెయ్యి కొంచెం పైకెత్తి, వచ్చే బండి డ్రైవర్ కళ్లలోకి చూస్తుంది. ఆయన కాస్త స్లో చేస్తాడు, లేదా తల ఊపుతాడు, లేదా హారన్ కొట్టి రావద్దంటాడు. అర సెకనులో ఇద్దరి మధ్య ఒక ఒప్పందం కుదురుతుంది. డ్రైవర్ సీటు ఖాళీగా ఉంటే ఆమె ఎవరి వైపు చూడాలి? ఇది మనకొక్కళ్లకే ఉన్న ఇబ్బంది కాదు. 2025 డిసెంబర్‌లో శాన్‌ఫ్రాన్సిస్కోలో పెద్ద కరెంట్ కోత వచ్చి సిగ్నళ్లు ఆరిపోయినప్పుడు, వేమో కార్లు చాలా కూడళ్లలో నిలిచిపోయాయి. ముందుకెళ్లాలో వద్దో నిర్ధారించుకోవడానికి దూరంగా ఉన్న కంపెనీ మనుషులను అడిగాయి. ఒకేసారి అన్ని కార్లూ అడిగేసరికి జవాబు ఆలస్యమైంది.

2025 సెప్టెంబర్‌లో ఆ నగరం పక్కనే శాన్ బ్రూనో అనే ఊళ్లో పోలీసులు ఒక వేమో కారును ఆపారు. వాళ్ల కళ్ల ముందే అది చేయకూడని చోట యూటర్న్ తీసుకుంది. కిటికీ దగ్గరికి వెళ్లారు. లోపల ఎవరూ లేరు. చలానా పుస్తకంలో డ్రైవర్ పేరు రాసే గడి ఉంది గానీ రోబోకి గడి లేదు. కంపెనీకి విషయం చెప్పి కారును వదిలేశారు. అప్పటికే కాలిఫోర్నియా దీనికోసం ఒక చట్టం చేసిపెట్టుకుంది, 2026 జులై నుంచి అమల్లోకి వచ్చేలా. ఇలాంటి కారు రూల్ తప్పితే పోలీసులు నేరుగా కంపెనీకే నోటీసు ఇవ్వొచ్చు. పోలీసులూ ఫైర్ సిబ్బందీ ఫోన్ చేస్తే మాట్లాడటానికి కంపెనీ మనిషి అందుబాటులో ఉండాలి.

ఈ సంగతి బాబాయికి చెప్పాను. పక్కన పిన్ని కూడా ఉంది, వచ్చే ఏడాది మళ్లీ చాండ్లర్ వెళ్లే ఏర్పాట్లలో ఉంది. బాబాయి శ్రద్ధగా విన్నాడు. నోటీసు కంపెనీకి వెళ్లడం బాగుందన్నాడు. కాసేపాగి, "సరే, చిట్యాల దగ్గర రాత్రి పన్నెండింటికి ఒకడు కింద పడ్డాడనుకో, ఆ ఫోన్ ఎత్తేవాడు ఎంత దూరంలో ఉంటాడు?" అని అడిగాడు.